నొక్కని మీట

కరెంటు పోయింది కదా, ఇక దీంతో భయమేముంది అనుకుని చెయ్యి పెట్టింది బల్లలక్క. పెట్టిన చెయ్యి తిరిగి రాలేదు. రంపం మిషన్ బల్ల నడిమధ్య బ్లేడు పైకి లేచే పొడుగాటి సందు ఉంటుంది. ఆ సందులో మణికట్టు దాకా దిగిన కుడిచెయ్యి లోపల ఎక్కడో దేనికో తగులుకుంది. మొదట నవ్వొచ్చింది. డబ్బాలో చెయ్యి పెట్టి ఇరుక్కుపోయిన చంటిపిల్లలా ఇదేం అవస్థ అనుకుని ఇంకోసారి లాగింది. వేలు చివుక్కుమంది. అప్పుడు తెలిసింది, ఉంగరం. పొద్దున బడికి పెట్టుకెళ్ళిన ఉంగరం. ఇంటికొచ్చి మెడలో గొలుసు తీసింది, చేతి గడియారం తీసింది, మంచి బట్టలు విడిచి బిగుతు చేతుల చొక్కా తొడుక్కుంది, జుట్టు ముడేసి గుడ్డ కట్టుకుంది, కళ్ళకు అద్దాలు పెట్టుకుంది, అన్నీ చేసింది, ఉంగరం మాత్రం వేలితో వేలుగా కలిసిపోయి మరుపున పడింది. ఇప్పుడది బ్లేడును మోసే ఇరుసు పక్కన ఉన్న బోల్టు తల కిందికి జారి కొక్కెంలా పట్టుకుంది. చిటికెనవేలి గోటికి చల్లగా ఏదో తగులుతోంది. అదేమిటో తెలుసు. బ్లేడు పన్ను. నిన్ననే ఆ పళ్ళకు పట్టిన జిగురంతా సబ్బునీళ్ళలో నానబెట్టి, పాత బ్రష్షుతో ఒక్కొక్క పన్నూ తోమింది తనే. మొద్దుబారిన బ్లేడు పదునైన బ్లేడు కంటే ప్రమాదం, దాన్ని బలంగా తొయ్యాల్సి వస్తుంది, బలంగా తోసిన చెయ్యి ఎటు జారుతుందో దేవుడికే తెలియాలి అని పని నేర్పిన భర్త చెప్పిన మాట. కాబట్టి ఇప్పుడు గోటికి తగులుతున్నది మంచి పదునుగా ఉన్న పన్ను.

తల పైకెత్తింది. నెత్తి మీద బల్బు ఆరిపోయి ఉంది. దాన్ని చూడగానే నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. కరెంటు పోవడమంటే మళ్ళీ రావడమనేగా. ఎప్పుడొస్తుంది? ఈ వీధిలో ఒక్కోసారి టీ నీళ్ళు మరిగేలోపే వచ్చేస్తుంది, ఒక్కోసారి సాయంత్రం దాకా రాదు. ముందు చెప్పి రాదు. ఆ బల్బు వెలిగిన క్షణమే మిషన్ కూడా తిరుగుతుంది, మీట వేసి ఉంటే. మీట వేసి ఉందా? ఆపానా నేను? కరెంటు పోగానే నా ఎడమచెయ్యి వెళ్ళి దాన్ని నొక్కిందా లేదా? గుర్తు రాలేదు. అంత సులువైన సంగతి, ఇప్పుడే జరిగిన సంగతి, చేసింది తనే, చూసింది తనే, గుర్తు రాలేదు.

మీట అదుగో, కనిపిస్తూనే ఉంది. తను మిషన్ వెనక వైపు నిలబడి ఉంది, మీట ముందు వైపు అంచు మీద చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పైకి చూస్తూ నల్లగా, గుండ్రంగా, ఏమీ ఎరగనట్టు కూర్చుంది. ఎడమచెయ్యి బల్ల మీదుగా చాచింది. భుజం పీకేలా చాచింది, చెంప ఇనపబల్లకు ఆనించి చాచింది. జానెడు తక్కువ. జానెడే. అయినా అందితే మాత్రం ఏం చేసేది? పాత మీట అయితే ఈ గొడవే లేదు. పచ్చ బొత్తాం నొక్కితే తిరిగేది, ఎర్రది నొక్కితే ఆగేది, కరెంటు పోతే టక్కున తనంతట తనే పడిపోయేది. మళ్ళీ కరెంటు వచ్చినా ఎవరో ఒకరు వచ్చి పచ్చది నొక్కేదాకా మిషన్ నోరెత్తేది కాదు. అది కాలిపోయింది. ఎలక్ట్రీషియన్ వచ్చి దాన్ని విప్పి, వాసన చూసి, పెదవి విరిచాడు.

"కొత్తది తెప్పించాలక్కా. అందాకా ఇది పెడతా, పని ఆగదు."

"ఇదేంటి, మంచం పక్కన దీపానికి ఉండేదిలా ఉంది?"

"అదే అనుకో. ఒకసారి నొక్కితే తిరుగుద్ది, ఇంకోసారి నొక్కితే ఆగుద్ది. ఇంతకంటే సుఖం ఏం కావాలి?"

సుఖమే. వేసి ఉన్నా అలాగే ఉంటుంది, ఆపి ఉన్నా అలాగే ఉంటుంది. పైకి లేచి ఉండదు, లోపలికి పోయి ఉండదు, రంగు మారదు. ముందే వేసి ఉంటే నొక్కడం ఆపడం. ముందే ఆపి ఉంటే నొక్కడం వెయ్యడం. ఏది చేస్తున్నావో నువ్వే గుర్తుపెట్టుకోవాలి, గుర్తుపెట్టుకోవాల్సిన ఆ క్షణంలో ఎక్కడున్నావు తల్లీ నువ్వు అని తనను తనే అడిగింది.

బడిలో ఉంది. కాళ్ళు ఇక్కడే ఉన్నాయి, చేతులు ఇక్కడే పలక తోస్తున్నాయి, మనసు మాత్రం ఇంకా బడి హాల్లో కుర్చీలో కూర్చుని కుతకుతలాడుతోంది. కొత్త గది తలుపులు తీశారు. అందులో వరుసగా తను చేసిన బల్లలు. అంచులన్నీ గుండ్రంగా అరగదీసింది, పిల్లల మోకాళ్ళకు తగలకుండా. ముఖ్య అతిథి మైకు దగ్గర గొంతు సవరించుకుని, ఇంత చక్కటి బల్లలు చేసిన మేస్త్రిగారికి చప్పట్లు అంటూ ఆయన వైపు చెయ్యి చూపించాడు. ఆయనకు ఒక్క ముక్క వినపడదు. అందరూ అటు తిరిగి చప్పట్లు కొడుతుంటే, ఎవరికో కొడుతున్నారనుకుని ఆయన కూడా నవ్వుతూ గట్టిగా చప్పట్లు కొట్టాడు. అందరూ ఇంకా మురిసిపోయారు, ఎంత నిగర్వి అని. పక్క కుర్చీలో ఉంగరం పెట్టుకుని మరీ కూర్చున్న తనను ఒక్కరు చూస్తే ఒట్టు. ఆయన మిషన్ ముట్టుకుని ఏళ్ళు గడిచాయి. చేతులు వణకడం మొదలైన రోజే ఆయనంతట ఆయనే పక్కకు తప్పుకుని, ఇక నువ్వే అన్నాడు. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. అందుకే బల్లలక్క అనే పేరు. బడికే తెలియలేదు. ఇంకో గదికి కూడా బల్లలు కావాలన్నారు, అది కూడా ఆయన చెయ్యి పట్టుకునే అన్నారు. ఆ మంటతో వచ్చి భోజనం కూడా సరిగా చెయ్యకుండా మిషన్ వేసింది. ఇదుగో చూడండి ఎవరు చేస్తున్నారో అన్నట్టు పలకలు కోసింది, ఎవరూ చూడకపోయినా. సన్నటి ముక్క ఒకటి తెగి, బ్లేడు చుట్టూ ఉండే చిన్న పలక సందులోంచి లోపలికి జారిపోయి గరగరమంది. ఆ సందు అరిగి వెడల్పయింది, కొత్త పలక కోసి బిగించాలి అని ఎన్నాళ్ళుగానో అనుకుంటోంది. అంతలో చప్పుడు సన్నబడుతూ సన్నబడుతూ ఆగిపోయింది, బల్బు ఆరింది. ఆ తర్వాత? మిషన్ చుట్టూ తిరిగి వెనక్కి వచ్చింది, జారిన ముక్క తీద్దామని చిన్న పలక ఎత్తి పక్కన పెట్టింది. బల్బు ఆరడానికీ వెనక్కి రావడానికీ మధ్య ఎడమచెయ్యి ఏం చేసింది? ముఖ్య అతిథి మొహం గుర్తుంది, అతని కోటు మీద పువ్వు గుర్తుంది, ఎడమచెయ్యి గుర్తు లేదు.

చెయ్యి అలవాటు కొద్దీ నొక్కే ఉంటుంది. ఇన్నేళ్ళ అలవాటు. అవును, కానీ ఇన్నేళ్ళూ అలవాటయింది ఎర్ర బొత్తానికి, ఈ నల్లదానికి కాదు. కరెంటు పోతే పాతది తనే పడిపోయేది కాబట్టి కరెంటు పోయినప్పుడు చెయ్యి ఏమీ చెయ్యకుండా ఊరుకోవడమే అలవాటు కదా? మరి ఆయన? ఆయన కరెంటు పోయినా సరే ఎర్రది నొక్కించేవాడు. నొక్కావా అని అడిగేవాడు. తనే పడిపోయింది కదండీ అంటే, దాని పని అది చేసింది, నీ పని నువ్వు చెయ్యి అనేవాడు. నొక్కేది తను. విసుక్కుంటూ నొక్కేది. ఆయన కిందికి రావడం మానేశాక నొక్కిందా? కొన్నిసార్లు నొక్కింది. కొన్నిసార్లు లేదు. ఈసారి ఏ కొన్నిసార్లలో పడుతుంది?

"ఏవండీ!" అని అరిచింది.

అరిచాక తనకే జాలేసింది. మేడ మీద గదిలో పడుకుని ఉన్న మనిషికి చెవి పక్కన పళ్ళెం పడేసినా వినపడదు. ఆ వినికిడి తిన్నది ఈ మిషనే. అందరికీ వేళ్ళ గురించి చెప్పాడు, కళ్ళ గురించి చెప్పాడు, చెవులు మూసుకునే తొడుగులు మాత్రం పెట్టుకోలేదు ఆ మనిషి. బ్లేడు ఏమంటోందో వినాలి, గొంతు మారితే చెక్క బిగుసుకుంటోందని తెలుస్తుంది అనేవాడు. విన్నాడు, విన్నాడు, చివరికి వినడానికేమీ మిగల్లేదు. తనకు మాత్రం పట్టుబట్టి తొడుగులు కొనిచ్చాడు. ఇంకోసారి అరిచింది, ఈసారి వీధి కోసం. షట్టర్ సగం దించి ఉంది. బయట ఎండ పట్టీ కనిపిస్తోంది, ఒకటి రెండు జతల కాళ్ళు పోతున్నాయి. సరిగ్గా అప్పుడే ఎదురుగా ఉన్న ప్రింటింగ్ ప్రెస్సు వాళ్ళ జనరేటర్ ఢమఢమమంటూ లేచింది. ఆ చప్పుడుకి ఒళ్ళంతా ఎగిరిపడింది, ఎగిరిపడిన చెయ్యి బోల్టుకు కొట్టుకుంది, మిషన్ తిరిగిందనుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. కాదు. జనరేటర్. మిషన్ కాదు. కళ్ళు తెరిస్తే బ్లేడు అలాగే నిశ్చలంగా ఉంది. కేకలేసి లాభం లేదు, ఆ రొద ముందు తన గొంతు ఎంత.

ఫోన్ దూరంగా కిటికీ గట్టు మీద ఉంది. మిషన్ దగ్గర ఫోన్ ఉండకూడదని తనే పెట్టిన నియమం. ప్లగ్గు గోడకుంది, దాని ముందు ప్లైవుడ్ దొంతర. వైరు కాలికి తగిలి ఎవరూ పడకూడదని దాని మీద చెక్కపట్టీ పెట్టి నేలకు మేకులు కొట్టింది కూడా తనే. చెప్పు విడిచి, కాలి బొటనవేలితో ఆ పట్టీని లేపబోయింది. గట్టిగా కొట్టింది మహాతల్లి, ఒక్క మేకూ కదలదు. జాగ్రత్త కోసం చేసినవన్నీ ఇవ్వాళ వరసగా నిలబడి తననే చూస్తున్నట్టున్నాయి. చెయ్యనివి మూడు. అరిగిన పలక మార్చలేదు, అసలు మీట వచ్చేదాకా ఆగలేదు, ఉంగరం తియ్యలేదు. విడివిడిగా చూస్తే ఏ ఒక్కటీ పెద్దది కాదు. మూడూ ఒకే మధ్యాహ్నం కలుసుకున్నాయి.

ఆయనకు పని నేర్పిన ముసలి మేస్త్రి ఒకాయన ఉండేవాడు. కుడిచేతికి మూడు వేళ్ళే. పెళ్ళయిన కొత్తలో ఆ మేస్త్రి ఇంటికి వస్తే నీళ్ళ గ్లాసు ఇస్తూ ఆ చేతినే చూస్తూ నిలబడిపోయింది తను. మిగతావి ఇంట్లో మర్చిపోయి వచ్చానమ్మా, రేపు తెచ్చుకుంటాలే అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. ఎవరడిగినా ఒక కొత్త అబద్ధం చెప్పేవాడు, కుక్క ఎత్తుకుపోయిందనేవాడు, మా ఆవిడ కోపంలో కొరికేసిందనేవాడు. తను మిషన్ దగ్గర నిలబడడం మొదలుపెట్టిన రోజున మాత్రం పక్కకు పిలిచి నిజం చెప్పాడు. కోస్తుంటే పోలేదమ్మా, ఆపేశాక పోయాయి. మీట ఆపాను, చప్పుడు ఆగింది, ముక్క తీద్దామని చెయ్యి పెట్టాను. చప్పుడు ఆగింది గానీ బ్లేడు ఆగలేదు. అంత వేగంలో పళ్ళు కనపడవు, అద్దంలా నున్నగా, నిలబడే ఉన్నట్టుంటుంది. నొప్పి కూడా వెంటనే తెలియలేదు, ఎవరో చేతిని గట్టిగా తోసినట్టనిపించింది, అంతే. ఆ మాట ఇప్పుడు చెవిలో కాదు, వేళ్ళలో వినిపిస్తోంది. ఎవరో తోసినట్టు. అలాగే ఉంటుందా? తోసినట్టుంటుందా, లాగినట్టుంటుందా? బ్లేడు ముందుకు తిరుగుతుంది, పళ్ళు వెనక నుంచి పైకి లేస్తాయి, ముందు నుంచి కిందికి దిగుతాయి. తన చెయ్యి వెనక వైపుంది. అంటే పైకి ఎత్తి విసురుతుంది. ఒకసారి చెక్కను అలాగే విసిరింది. పని నేర్చుకునే రోజుల్లో, బ్లేడు వెనక నిలబడే ఇనప రేకు తీసేసి కోస్తుంటే, చెక్క బిగుసుకుని వెనక్కి ఎగిరి, తను నిలబడిన చోటు పక్కనుంచి ఈలలా దూసుకుపోయి కిటికీ అద్దాన్ని పగలగొట్టుకుని వీధిలో పడింది. బ్లేడుకు ఎదురుగా నిలబడకు, ఓ అడుగు పక్కకు నిలబడు అని ఆయన వందసార్లు చెప్పబట్టి ఆ రోజు పక్కకు నిలబడింది. లేకపోతే ఆ అద్దం స్థానంలో తన కడుపు.

బల్బు వైపు చూడకూడదనుకుంది. చూసింది. ఆరిపోయే ఉంది. చూస్తే ఏమొస్తుంది, అది వెలగడం కళ్ళకు తెలిసేలోపే చేతికి తెలిసిపోతుంది. వేలు ఉబ్బుతోంది. ఉంగరం లోపల గుండె కొట్టుకుంటున్నట్టు టకటకమంటోంది. లాగేకొద్దీ ఉబ్బుతుంది, ఉబ్బేకొద్దీ బిగుస్తుంది, లాగకు అని చెప్పుకుంది, చెప్పుకుంటూనే లాగింది. అంతలో ముక్కులో పొట్టు దూరి తుమ్ము రాబోయింది. తుమ్మితే చెయ్యి అదురుతుంది, అదిరితే పన్ను గోటిని దాటి కండలోకి పోతుంది. పళ్ళు బిగించి, నాలుక అంగిట్లోకి నొక్కి, ఊపిరి బిగబట్టి, కళ్ళ నీళ్ళు కారుతుండగా ఆ తుమ్మును మింగేసింది. మింగాక ఏడుపొచ్చింది. ఈ చెయ్యి పోతే ఏం చేస్తాను? జడ ఎలా వేసుకుంటాను? కాదు, జడ కాదు, ఇల్లెలా నడుస్తుంది? కాదు, అదీ కాదు. ఈ చెయ్యి పోయిందని తెలిసిన రోజు ఆయన ఏమైపోతాడు? కాలుతున్న కడాయి మూత తను ఒట్టి చేత్తో పట్టుకుంటే కసిరే మనిషి. సుత్తి దెబ్బ తగిలి గోరు నల్లబడితే ఆ గోరు రాలి కొత్తది వచ్చేదాకా రోజూ చూసిన మనిషి.

తోపుడు కర్ర. బల్ల మీదే ఉంది, ఎడమచేతికి అందేలా. సన్నటి పలకలు బ్లేడు దగ్గరికి వచ్చినప్పుడు వేళ్ళకు బదులు దాంతో తోస్తారు. దాన్ని తీసుకుంది. చాచింది. జానెడు దాటి కొన మీట మీద ఆనింది. కర్ర కొన వణుకుతూ మీట మీద టిక్కుటిక్కుమంది. అమ్మో. నొక్కకుండానే నొక్కేసేలా ఉన్నాను. కొంచెం ఎత్తింది. ఇప్పుడు నొక్కాలా? వేసి ఉంటే నొక్కితే బతికిపోయాను. ఆపి ఉంటే నొక్కితే నా చేతిని నేనే కోసుకున్నట్టు. నొక్కకుండా ఊరుకుంటే? ఆపి ఉంటే ఏమీ కాదు. వేసి ఉంటే ఇంతే సంగతులు. అటు తిప్పి ఇటు తిప్పి ఎన్నిసార్లు చెప్పుకున్నా సగానికి సగం. గుర్తు తెచ్చుకో. కరెంటు పోయింది, చప్పుడు సన్నబడింది, తనేమంది? పోయిందీ అంది. పైకే అంది. అంటూ పలకను వదిలింది. వదిలిన చెయ్యి నుదుటి చెమట తుడుచుకుంది. ఏ చెయ్యి? ఎడమ. తుడుచుకున్నాక? నొక్కింది, మెత్తగా లోపలికి పోవడం వేలికి తెలిసింది. నిజంగా తెలిసిందా, తెలిసి ఉంటే బాగుండునని తెలుస్తోందా? ఈ పూట మిషన్ ఎన్నిసార్లు వేసింది, ఎన్నిసార్లు ఆపింది, ఆ మెత్తదనం అందులో ఏదైనా కావచ్చు. నొక్కేద్దాం. ఏదో ఒకటి అయిపోతే ఈ కాచుకోవడమైనా తప్పుతుంది. కర్ర మళ్ళీ దించింది. మీట కొంచెం అణిగింది. సగం దాకా. అప్పుడు ఎందుకో గానీ కర్రను పక్కకు లాగి విసిరికొట్టింది. అది నేల మీద పడి దొర్లిపోయింది. విసిరాక, అయ్యో ఉన్న ఒక్క ఆధారమూ పారేసుకున్నానే అనుకుంది. అయినా తెలియనిదాన్ని నొక్కకు. తెలియనిదాన్ని నొక్కకు. పెదవులు ఆ మాటే అంటున్నాయి.

ఎంతసేపయిందో తెలియదు. షట్టర్ కింద ఎండ పట్టీ గోడ వైపు జరిగింది. నడుము విరిగిపోతోంది, కాళ్ళు లాగుతున్నాయి, కూర్చోవడానికి లేదు. మేడ మెట్లు కిర్రుమన్నాయి.

ఆయన. రెండు టీ గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని, చేతుల వణుక్కి అవి గలగలమంటుంటే, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగుతున్నాడు. కరెంటు పోతే ఆమె పైకి వచ్చి టీ పెడుతుంది, ఇవ్వాళ రాలేదు, అందుకని ఆయనే పెట్టినట్టున్నాడు. చెవిటివాళ్ళ గొంతుతో గట్టిగా, "ఫ్యాను ఆగి ఇంతసేపయింది, కిందే ఉండిపోయావేంటే? కోపమా?" అంటూ చివరి మెట్టు దిగి తలెత్తాడు. చూశాడు. ఆమె మొహం కాదు, చేతిని చూశాడు. బల్ల సందులోకి దిగిపోయి మాయమైన చేతిని. గ్లాసులు, పళ్ళెం, టీ అన్నీ నేల మీద పడ్డాయి. ఆ వయసులో అంత వేగంగా నడిచే మనిషి కాదు, ఒక్క ఉదుటున మిషన్ ముందుకు వచ్చాడు. చెయ్యి పెట్టే ముందు స్విచ్ ఆపు. ముప్ఫయ్యేళ్ళుగా అందరికీ చెప్పిన మాట, ఆయన ఎముకల్లో ఉన్న మాట. బొటనవేలు చాచి నల్లటి మీట మీదికి తెచ్చాడు.

"వద్దు! నొక్కొద్దు! ఏవండీ, నొక్కొద్దు!"

వినపడదు. ఆయన కళ్ళు ఆమె పెదవుల మీద లేవు, చేతి మీదే ఉన్నాయి. ఈ మీట సంగతి ఆయనకు తెలియదు. చెబితే అసలుది వచ్చేదాకా పని ఆపేయమంటాడని, బాగు చేయించాను అని సైగ చేసి ఊరుకుంది. ఎడమచేతికి ఏది తగిలితే అది, అరచేతి మందం చెక్కముక్క, ఎత్తి శక్తి కొద్దీ విసిరింది. అది ఆయన భుజాన్ని ఠపీమని కొట్టింది. ఆయన "అమ్మా!" అని వెనక్కి తూలి, నమ్మలేనట్టు ఆమె మొహంలోకి చూశాడు. అప్పుడు చూశాడు. ఆ మొహం చూశాక కదల్లేదు.

"ప్లగ్గు పీకండి," అంది, ఒక్కో అక్షరం నోరంతా తెరిచి.

ఆయన పెదవులనే చూసి, తల ఊపి, రెండడుగులు పక్కకు జరిగాడు. పక్కకి పొండి అందనుకున్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. గోడ వైపు వేలు చూపింది, పిడికిలి బిగించి లాగినట్టు చూపింది, మళ్ళీ గోడ వైపు చూపింది. బల్బు వైపు చూడకుండా ఉండడానికి ఆయన కళ్ళలోకే చూసింది. ఒకసారి. రెండోసారి. ఆయన కనుబొమలు విడిపోయాయి.

"ప్లగ్గా?"

అవునవును. ఆయన గోడ దగ్గరికి పరుగెత్తాడు. ప్లైవుడ్ దొంతరను భుజంతో, ఇప్పుడే దెబ్బ తిన్న ఆ భుజంతోనే తోశాడు, కదల్లేదు, మోకాలు ఆనించి మళ్ళీ తోశాడు, గీసుకుంటూ కొంచెం కదిలింది, ఆ సందులో చెయ్యి దూర్చాడు. వణికే చెయ్యి. ప్లగ్గు జారుతోంది కాబోలు, ఆయన నోట్లో ఏదో తిట్టుకోవడం వినిపించింది. ఇప్పుడు రాకు, ఇప్పుడొక్కసారి రాకు అని ఆమె ఎవరికి మొక్కుకుందో ఆమెకే తెలియదు. పటక్కుమని ఊడింది. ఆయన ప్లగ్గును పాముతోకలా పైకెత్తి పట్టుకుని చూపించాడు. ఆమె చెంప ఇనపబల్లకు ఆనించింది.

తర్వాత పని నిమ్మళంగా జరిగింది. ఆయన అరలోంచి మైనం డబ్బా తెచ్చాడు, చెక్క సులువుగా జారడానికి బల్ల మీద రుద్దే మైనం. రెండు వేళ్ళతో తీసి సందులోంచి లోపలికి పోనిచ్చి, తడుముకుంటూ ఉంగరం చుట్టూ రాశాడు. మిషన్ పని మానేయించిన ఆ వణుకు ఇక్కడ అడ్డు రాలేదు, వేలు చుట్టూ మైనం తనంతట తనే తిరిగింది. లాగకు, తిప్పు, మెల్లిగా తిప్పు అంటూ ఉన్నాడు. వేలు జారి వచ్చింది. ఉంగరం లోపలే ఉండిపోయింది. ఆమె చేతిని ఆయన వెలుతురు వైపు తిప్పి వేళ్ళు ఒక్కొక్కటే ముట్టుకున్నాడు, లెక్క సరిపోయిందో లేదో చూసుకుంటున్నట్టు. చిటికెనవేలి గోటి పక్కన చిన్న గాటు. అంతే.

"నొక్కబోతే ఎందుకు కొట్టావు?" అన్నాడు అప్పుడు.

ఆమె చెప్పింది. ఇంక దాచడానికి ఏముంది. ఒకసారి నొక్కితే తిరుగుతుంది, ఇంకోసారి నొక్కితే ఆగుతుంది, ఇప్పుడు వేసి ఉందో ఆపి ఉందో నాకు గుర్తు లేదు అని పెదవులతో, వేళ్ళతో చెప్పింది. ఆయనకు అర్థం కావడం కళ్ళలో మెల్లగా కనిపించింది. తన బొటనవేలిని చూసుకున్నాడు. మొహంలో రక్తం లేదు. తిడతాడనుకుంది, తిట్టలేదు. అందుకే ఇంకా భయమేసింది. అంతలో నెత్తి మీద బల్బు వెలిగింది. మేడ మీద ఫ్యాను తిరగడం మొదలైంది, ఎదురుగా జనరేటర్ ఆగింది. ప్లగ్గు నేల మీద పడి ఉంది. ఇద్దరూ దాన్నే చూశారు.

"తెలియాలి," అన్నాడు ఆయన.

"వద్దండీ. ఎందుకు?"

"తెలియకపోతే నాకు నిద్ర పట్టదు."

ఆమెను చెయ్యి పట్టుకుని మిషన్‌కు దూరంగా, మెట్ల దగ్గర నిలబెట్టాడు. లోపల ఉంగరం ఉంది, ఎగిరి తగులుతుంది జాగ్రత్త అన్నాడు. వైరు పట్టుకుని దొంతర వెనక సందులోకి వంగాడు. అక్కడి నుంచి ఆయనకు బ్లేడు కనపడదు. చప్పుడు ఎలాగూ తెలియదు.

"పెట్టాను! తిరుగుతోందా?"

బ్లేడు కదల్లేదు. ఆమె చూస్తూ ఉంది. బల్బు వెలుగులో ఒక్కో పన్నూ విడిగా కనిపిస్తోంది, నిన్న తోమిన పళ్ళు, ఒక్కటీ కదలడం లేదు. అంటే ఎడమచెయ్యి దాని పని అది చేసింది. మనసు బడిలో కూర్చుని మండిపడుతుంటే, చెయ్యి ఎవరికీ చెప్పకుండా మీట ఆపేసింది. ఇంతసేపూ కరెంటు వచ్చినా ఏమీ అయ్యేది కాదు. ఇంతసేపూ ప్రమాదమల్లా నొక్కడంలోనే ఉంది. సగం దాకా అణిచిన తన కర్రలో ఉంది. మీట మీదికి వచ్చిన ఆ బొటనవేలిలో ఉంది. అది ఇంకొక్క గింజంత కిందికి దిగి ఉంటే, ఆయన చేత్తో ఆయనే.

"ఏమే? తిరుగుతోందా?" సందులోంచి మెట్ల వైపు తల బయటపెట్టి ఆమె మొహం వైపు చూస్తున్నాడు. పెదవుల కోసం చూస్తున్నాడు. ఆ కళ్ళలో ఉన్న భయం ఆమెకు బాగా తెలుసు, ఇంతసేపూ తను మింగుతూ నిలబడింది దాన్నే.

ఆమె ఆయన వైపు పూర్తిగా తిరిగింది. చదవడానికి వీలుగా నోరు బాగా తెరిచింది.

"తిరుగుతోంది. పీకెయ్యండి."

ఆయన పీకేశాడు. గోడకు ఆనుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. ఇవతలికి వచ్చేసరికి మొహంలో రంగు తిరిగి వచ్చింది. భుజం రుద్దుకున్నాడు, మొహం చిట్లించాడు, చిట్లింపు నవ్వులోకి జారింది.

"చూశావా మరి? వేసే ఉంది. అంటే నేను నొక్కి ఉంటే ఆగేదేగా! ఊరికే కొట్టావు కదే నన్ను."

"ఊరికే కొట్టాను," అంది ఆమె.

"ఎముక విరిగిందేమో చూడు."

ఆమె దగ్గరికి వెళ్ళి, చొక్కా జరిపి చూసింది. కమిలి నల్లబడుతోంది. ఎడమ అరచెయ్యి దాని మీద ఆనించింది. కుడిచెయ్యి అప్పుడు వణకడం మొదలుపెట్టింది, ఎంత బిగబట్టినా ఆగలేదు. అది ఆయనకు కనపడకుండా వీపు వెనక్కి పెట్టుకుంది.